పొయ్యి రాజెయ్యని రోజు

టీ పడకముందు బిరజామోహన్ గుహఠాకుర్తా మనిషి కాదు. ఈ సంగతి కలకత్తాలో బాదుడ్‌బాగాన్ సందులో ఎవర్నడిగినా చెబుతారు. రెండు కణతలూ నొక్కుకుని, కళ్ళు మూసుకుని, మంచం మీద కూర్చుని లోకాన్నంతా తిడుతూ ఉంటాడు. ఆ వేళకి లాటుసాహెబు వచ్చి తలుపు తట్టినా తిట్లే గతి. టీ గొంతు దిగిందా, ఇంక చూస్కోండి. మీరు గుమ్మంలో చెప్పులు విడిచిన తీరు చూసి, ఇంట్లో ఎవరితో పోట్లాడి వచ్చారో చెప్పేస్తాడు. పోలీసులు చేతులెత్తేసిన కేసులు ఎన్ని తేల్చాడో! డిటెక్టివ్ అని బోర్డు కూడా లేదు ఆయనకి. బోర్డెందుకండీ, ఊరంతా తెలిసినవాడికి?

ఆ టీ పెట్టేవాడు తిన్‌కొడి హాజ్రా. పేరు విని నవ్వకండి. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే మనవాళ్ళు పుల్లయ్య, పెంటయ్య అని పెట్టరూ? అలాగే వాళ్ళమ్మ వీణ్ణి పుట్టగానే మంత్రసానికిచ్చేసి, మూడు గవ్వలకి మళ్ళీ కొనుక్కుంది. ఆ మూడు గవ్వల పిల్లాడికిప్పుడు బట్టతల వచ్చింది. కేసుల్లో బిరజాబాబుకి అసిస్టెంటు, ఇంట్లో ఆయనకి అమ్మ. ఇద్దరికీ పెళ్ళాల్లేరు, పిల్లల్లేరు. మేడ మీద రెండు గదులు, వెనక చిన్న వంటగది. అదీ సంసారం.

వాళ్ళిద్దరూ కలిసిన కథ వేరే ఉంది. దేశం చీలిన ఏడు బిరజాబాబు తూర్పు బెంగాల్లోని బరిసాల్ నుంచి ఒక్క సంచీతో వచ్చి, తిన్‌కొడి ఉండే మెస్సులో మూల మంచం అద్దెకి తీసుకున్నాడు. ఎవరితోనూ మాట లేదు. తలనొప్పి, పడక, అంతే. ఆ వారంలోనే మెస్సులో ఒకాయన చేతిగడియారం పోయిందని గోల. ఒకే గదిలో ఉంటున్నాడు గనక అందరూ తిన్‌కొడి మీద పడ్డారు. చొక్కా పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చారు. అప్పుడు మూల మంచం మీది కొత్త మనిషి, కళ్ళు కూడా సరిగ్గా తెరవకుండానే లేచి వచ్చాడు.

“వాణ్ణి వదలండి. గడియారం పోయిందన్న పెద్దమనిషి మణికట్టు చూడండి. చెయ్యంతా ఒకే రంగు. నెలల తరబడి గడియారం ఎక్కని చెయ్యది. ఎప్పుడో అమ్ముకుని, పెళ్ళానికి చెప్పుకోలేక దొంగని వెతుక్కుంటున్నాడు.”

ఆ పెద్దమనిషి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. తిన్‌కొడి వెళ్ళి బిరజాబాబు కాళ్ళ మీద పడితే, ఆయన విసుక్కున్నాడు. “లేవరా. నలుగురూ ఒకణ్ణి వేలెత్తి చూపిస్తుంటే, కాదనేవాడు ఒక్కడుండాలి. లేకపోతే అది ఊరు కాదు, అడవి.”

ఆ రోజునించీ తిన్‌కొడి ఆయన్ని వదల్లేదు. అయితే ప్రేమగా ఉంటారనుకున్నారేమో, రోజూ యుద్ధమే! తూర్పు బెంగాల్లో పుట్టినవాళ్ళు బంగాళ్‌లు, ఇటు పశ్చిమ బెంగాలువాళ్ళు ఘొటీలు. ఒకరి వంట ఒకరికి పడదు, ఒకరి ఫుట్‌బాల్ జట్టు ఇంకొకరికి గిట్టదు.

“పప్పులో చక్కెరేంట్రా, మీ ఘొటీల మొహం మండా! ఇది పప్పా, పాయసమా?” అనేవాడు బిరజాబాబు.

“మీ బంగాళ్‌లకి మిరపకాయ తప్ప ఇంకో రుచి తెలిస్తే కదా, బిరజాదా!” అనేవాడు తిన్‌కొడి, అన్నయ్యని పిలిచినట్టు. అంటూనే మర్నాడు పప్పులో చక్కెర తగ్గించేవాడు. ఆయనా అది కనిపెట్టి కిక్కురుమనకుండా తినేవాడు.

ఒక్క విషయంలో మాత్రం తిన్‌కొడి ఆయనకి అబద్ధం చెబుతూ వచ్చాడు.

భాద్రపద మాసం ఆఖరి రోజున ఘొటీల ఇళ్ళలో పొయ్యి రాజెయ్యరు. ముందురోజే అన్నీ వండేస్తారు. అన్నం నీళ్ళలో వేసి చద్ది చేస్తారు. చేమకాడల కూర, వేయించిన ఇలిశ చేప, అదే మన పులస, పుల్లటి పచ్చడి అన్నీ సిద్ధం. తెల్లారేసరికి పొయ్యి కడిగి, మట్టితో అలికి, అందులో జెముడు కొమ్మ పెట్టి మానసాదేవికి దణ్ణం పెడతారు. పాముల తల్లి ఆవిడ. ఆ రోజు పొయ్యిలో నిప్పు పడకూడదు. “రాజేసిన చేతిని వెతుక్కుంటూ పాము వస్తుందిరా” అనేది తిన్‌కొడి వాళ్ళమ్మ. ఊరికే అనలేదు. ఆవిడ చిన్న కొడుకు పాము కరిచే పోయాడు. తమ్ముడి ఒళ్ళు నీలంగా మారడం తిన్‌కొడి కళ్ళారా చూశాడు.

మరి టీ? కలిసి ఉండడం మొదలుపెట్టిన మొదటేడు ఆ రోజు రానే వచ్చింది. బిరజాబాబు కణతలు పట్టుకుని గోడకి తల కొట్టుకుంటున్నాడు. ఊరు పోయి, ఇల్లు పోయి, కన్నవాళ్ళు పోయి, ఆ మనిషికి మిగిలిన సుఖం పొద్దున్నే ఒక కప్పు టీ. తిన్‌కొడి వంటగది గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికెళ్ళి పొయ్యి రాజేశాడు. ప్రతి ఏడూ అంతే. టీ ఆయనకి, చద్దన్నం తనకి. “ఇవాళ మావాళ్ళు చద్ది తింటారు” అని మాత్రం చెప్పేవాడు. నిప్పు మాట ఎత్తేవాడు కాదు. ఎత్తితే ఆ మొండి మనిషి టీ మానేస్తాడని భయం.

ఈ ఏడూ పొయ్యి రాజేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, “తల్లీ, రాజేసింది నా చెయ్యి. తప్పు నాది, ఆయనకి తెలీదు” అనుకుని, టీ పట్టుకెళ్ళి ఇచ్చాడు.

బిరజాబాబు ఒక గుక్క తాగి, ఒక కన్ను తెరిచాడు. “ఇవాళేగా మీ చద్ది పండగ? తినండి, తినండి. ఎంత నానిస్తే ఘొటీలకి అంత బలం.”

“మీరు టీ తాగండి, బిరజాదా. టీ పడకముందు మీ హాస్యం కూడా ఏడిచినట్టుంటుంది.”

అప్పుడే కబురొచ్చింది, శ్యామ్‌బజార్‌లో రక్షిత్‌ల ఇంట్లో దొంగతనం జరిగిందని.

రక్షిత్‌లది పాత ఘొటీ కుటుంబం, పాత మేడ. ఇద్దరూ వెళ్ళేసరికి సందులో ఆకాశమంతా గాలిపటాలు. అది విశ్వకర్మ పూజ రోజు కూడానూ. మేడ మీద ఎవరి పటం తెగినా “భొకాట్టా!” అని పేట పేటంతా అరుస్తోంది. రక్షిత్‌ల ఇంట్లో మాత్రం చావింటిలా ఉంది. మానసాదేవి పూజలో పొయ్యి ముందు పెట్టే బంగారు పాము పడగ పోయింది. ముత్తవ్వల కాలంనాటిది. ముందురాత్రి ఎర్ర పట్టుబట్టలో చుట్టి వంటగది గూట్లో పెట్టారట. పూజకి తియ్యబోతే గూడు ఖాళీ.

వంటగది తాళంచెవి వంటావిడ సుఖద దగ్గర ఉంటుంది. విధవ. ఈ ఇల్లు తప్ప దిక్కులేని మనిషి. ఆవిడ రేకుపెట్టె తెరిస్తే ఎర్ర పట్టుబట్ట దొరికింది. పాము మాత్రం దొరకలేదు. నడవలో నేల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోందావిడ. ఠాణా నుంచి వచ్చిన దారోగా, అదే మన ఎస్సై, కుర్చీలో కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు.

“నిప్పు లేందే పొగ రాదు కదండీ, బిరజాబాబూ! ఠాణాకి తీసుకెళ్తే రెండు దెబ్బలకి పామూ వస్తుంది, దాని బుసా వస్తుంది” అన్నాడు.

ఇంటి పెద్దావిడని అందరూ గిన్నీమా అంటారు. ఆవిడ తెల్లచీర తలమీదికి లాక్కుని, “బిరజాబాబు మాటే నా మాట. ఆయన దొంగంటే దొంగ, దొరంటే దొర. పదిమందిలో ఆయన నోటితోనే చెప్పించండి” అంది.

చూశారా! ఆ ఆడమనిషి బతుకంతా ఇప్పుడు బిరజాబాబు నాలుక చివర ఉంది. తిన్‌కొడికి మెస్సు మెట్లు గుర్తొచ్చాయి. చొక్కా పట్టుకున్న చేతులు గుర్తొచ్చాయి. అయినా భయపడలేదు. బిరజాదా ఉండగా భయమేమిటి? ‘ఏడవకమ్మా, నీకు సరైన మనిషే వచ్చాడు’ అని మనసులోనే సుఖదకి చెప్పుకున్నాడు.

ఇంట్లో అందర్నీ విడివిడిగా అడిగారు. ఆఖరికి మేడమీద గదిలో ఇల్లరికపుటల్లుడు ప్రదోష్. మొన్న వైశాఖంలోనే పెళ్ళయింది, ఈ ఇంట్లో అతనికిది మొదటి భాద్రపదం. సన్నంగా, సొగసుగా ఉన్నాడు. మాట మాత్రం తూర్పు బెంగాలు యాస. ఆ యాస చెవిన పడగానే బిరజాబాబు మొహం వెలిగింది.

“ఏ ఊరు మీది?”

“ఫరీద్‌పూర్ అండీ.”

“అట్లా చెప్పు! ఈ చక్కెర పప్పు ఎట్లా తింటున్నావయ్యా?”

“మందనుకుని మింగుతున్నానండీ!”

ఇద్దరూ పగలబడి నవ్వారు. తిన్‌కొడికి కాస్త ఒళ్ళు మండింది. పోనీలే, ఊరి మాట విని ఎన్నాళ్ళయిందో పాపం అనుకున్నాడు.

ప్రదోష్ చెప్పింది ఇదీ. పొద్దున్నంతా ఈ గదిలోనే ఉన్నాడు, గుమ్మం దాటలేదు. “సుఖద పొద్దున్నే వేడివేడి టీ తెచ్చిచ్చిందండీ. కప్పు పెట్టడానికి వంగినప్పుడు నడుం దగ్గర కొంగులోంచి ఎర్రబట్ట కనిపించింది. అప్పుడు నాకేం తెలుసు! పెద్దదాని మీద చెప్పడం నాకూ కష్టంగానే ఉంది.”

వేడివేడి టీ!

తిన్‌కొడి గుండె ఝల్లుమంది. ఈ ఇంట్లో, ఈ రోజు, టీ ఎక్కడిదిరా నాయనా! పొయ్యిలో జెముడు కొమ్మ ఉంటేను! ఇతను పొద్దున ఇంట్లోనే లేడు. ఉంటే పొయ్యి చల్లగా ఉందని తెలిసేది. గభాలున బిరజాబాబు వైపు చూశాడు. ఆయన తల పంకిస్తూ, “ఊఁ, ఊఁ” అంటున్నాడు. తిన్‌కొడికి నవ్వొచ్చింది. ‘ఆహా, బిరజాదా! పట్టేశారు కదూ? పట్టేసి ఏమీ ఎరగనట్టు తాడు వదులుతున్నారు. కిందకెళ్ళాక పదిమందిలో లాగుతారు’ అనుకున్నాడు. ఆ ముసలాయన బుర్రకి లోలోపల వెయ్యి దణ్ణాలు పెట్టుకుని, నోరు మూసుకుని ఆయన వెనకే మెట్లు దిగాడు.

నడవలో అంతా చేరారు. బిరజాబాబు మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు లాగుతాడు చూడు తాడు, అనుకుని తిన్‌కొడి మునివేళ్ళ మీద నిలబడ్డాడు.

“గిన్నీమా, చెప్పడానికి నాకు బాధగానే ఉంది. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంది. బట్ట ఆవిడ పెట్టెలో దొరికింది. పొద్దున ఆ బట్ట ఆవిడ కొంగులో ఉండగా చూసిన మనిషి ఉన్నాడు. అబద్ధమాడే అవసరం అతనికి లేదు.” బిరజాబాబు సుఖద వైపు తిరిగాడు. “పాము ఎక్కడ పెట్టావో ఇచ్చెయ్యమ్మా.”

సుఖద ఏడుపు ఆగిపోయింది. నోరు తెరుచుకుని ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. దారోగా లేచి బెల్టు సర్దుకున్నాడు.

తిన్‌కొడి మునివేళ్ళ మీంచి కిందికి దిగాడు. బిరజాదా తాడు వదల్లేదు. అసలు తాడే చూడలేదు! ఎందుకు చూడలేదు? ఈగ కాలు విరిగినా కనిపెట్టే మనిషి, టీ మాట ఎలా వదిలేశాడు? మరుక్షణంలోనే జవాబు తట్టింది. తట్టి, గుండెలో ముల్లులా దిగింది. ఆయనకెలా తెలుస్తుంది? ప్రతి ఏడూ ఈ రోజు ఆయన చేతికి వేడివేడి టీ ఇచ్చింది ఎవరు? ఈ రోజు నిప్పు ఉండదన్న సంగతి ఆయనకి తెలీకుండా దాచింది ఎవరు?

నలుగురిలో ఆయన మాటకి తిన్‌కొడి ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఇప్పుడు చెబితే పేటంతా చెప్పుకుంటుంది, బిరజాబాబుని ఆయనకి టీ పెట్టేవాడే తప్పుపట్టాడని. అంతకన్నా భయం, ఆ తర్వాత ఆయన మొహం ఎలా ఉంటుందోనని. చెప్పకపోతే ఈ ఆడమనిషి ఠాణాకి పోతుంది. కానిస్టేబులు అప్పటికే ఆవిడ జబ్బ పట్టుకున్నాడు.

“ఆగండి!” అన్నాడు తిన్‌కొడి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

బిరజాబాబు కనుబొమలు ముడిపడ్డాయి. “ఏంట్రా? నా మాటకి అడ్డం వస్తున్నావా?”

“వస్తున్నా, బిరజాదా. కాదనేవాడు ఒక్కడుండాలని మీరేగా చెప్పారు.” అని, ఆయన మొహం మళ్ళీ చూస్తే నోరు పెగలదని ప్రదోష్ వైపు తిరిగాడు. “అల్లుడుగారూ, ఆ ఎర్రబట్ట మీరెప్పుడు చూశారో అందరి ముందూ ఇంకోసారి చెప్పండి.”

“చెప్పాగా! పొద్దున టీ తెచ్చినప్పుడు. పొగలు కక్కుతోంది, తొందరపడి తాగి నాలుక కూడా కాల్చుకున్నాను.”

గిన్నీమా “అయ్యో తల్లీ!” అని చెంపలు వాయించుకుంది. ప్రదోష్ పెళ్ళాం చేతిలో పూలపళ్ళెం కిందపడింది. సుఖద ఒక్కసారి గొంతు పెగల్చుకుని, “టీయా? ఇవాళా? ఈ ఇంట్లోనా?” అని అరిచింది. నడవంతా గొల్లుమంది. అర్థం కానివాళ్ళు ఇద్దరే, ప్రదోష్, బిరజాబాబు. ఇద్దరు బంగాళ్‌లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఏమైంది? టీ తాగితే ఏమైంది?” అన్నాడు బిరజాబాబు.

“ఇవాళ పొయ్యి రాజెయ్యరు బాబూ,” అంది గిన్నీమా. “నిప్పు పడితే రాజేసిన చేతిని వెతుక్కుంటూ పాము వస్తుంది, ఇంటికే అరిష్టం. ఇవాళ ఏ ఘొటీ ఇంట్లోనూ పొయ్యి రాజుకోదు. నా అల్లుడు పొద్దున ఇంట్లో లేడు.”

బిరజాబాబు బుర్ర ఎలాంటిదంటే, ఒక్క చిటికెలో దారి మొత్తం నడిచేసింది. ప్రదోష్ వైపు రెండడుగులు వేసి, తమ తూర్పు బెంగాలు యాసలోనే మెల్లిగా అడిగాడు. “ఎక్కడికి వెళ్ళావు నాయనా, తెల్లారగట్ట?” ప్రదోష్ దారోగా బెల్టు వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, నేల మీద కూలబడ్డాడు. గుర్రప్పందాల పిచ్చి. పడగ కంసాలి దగ్గరుంది. రాత్రి సుఖద నిద్రపోతుంటే తాళంచెవి తీసింది, బట్ట ఆవిడ పెట్టెలో పెట్టింది తనే. దారోగా ఇద్దరు మనుషుల్ని కంసాలి దగ్గరికి పరిగెత్తించాడు.

అప్పుడు బిరజాబాబు చేసిన పని ఉంది చూశారూ, దాన్నంటారు మనిషితనం. అంత పేరున్నవాడు, అంత కోపిష్టి, సుఖద ముందు నేల మీద కూర్చుని చేతులు జోడించాడు. “అమ్మా, పదిమందిలో నిన్ను దొంగ అన్నాను. ఆ పదిమందిలోనే చెప్తున్నా, తప్పు నాది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నిన్ను కాపాడింది వాడు,” అని తిన్‌కొడిని చూపించాడు. సుఖద కళ్ళు తుడుచుకుంటూ, “లేవండి బాబూ, లేవండి” అంది. తిన్‌కొడికి ఆ క్షణంలో ఆయన ఇంకో మూరెడు ఎత్తు పెరిగినట్టు కనిపించాడు. ఇలాంటి మనిషి కోసం ఎన్ని పొయ్యిలైనా రాజెయ్యొచ్చు.

బిరజాబాబు లేచి, అతని ముందుకొచ్చి నిలబడ్డాడు. గొంతు చాలా చిన్నగా ఉంది.

“ఏ ఘొటీ ఇంట్లోనూ రాజుకోదట కదరా. మరి పొద్దున నా టీ?”

తిన్‌కొడి తల దించుకున్నాడు.

“నిరుడు?”

తిన్‌కొడి కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు.

“అంతకుముందు? మొదటేడు, నా తల పగిలిపోతున్నప్పుడు?”

“తిన్‌కొడిబాబు తమ్ముడు పాము కరిచి పోయాడు కదూ?” అని వెనక ఎవరో ఆడవాళ్ళు గుసగుసలాడారు. ఊళ్ళో దాగేది ఏముంది! బిరజాబాబు ఆ మాట విన్నాడు.

ట్రాంలో తిరిగొస్తున్నంతసేపూ ఆయన కిటికీలోంచి గాలిపటాలు చూస్తూ కూర్చున్నాడు. పక్కన తిన్‌కొడికి ప్రాణం గిలగిల కొట్టుకుంటోంది. కోపమొచ్చిందా? చిన్నతనమయిందా? ఇంకెప్పుడూ నాతో మాట్లాడడా? “బిరజాదా, నేను అలా అందరిలో...” అని మొదలెడితే, ఆయన చెయ్యెత్తి ఆపేశాడు.

ఇంటికొచ్చాక ఆయన చెప్పులు విడిచి తిన్నగా వంటగదిలోకి నడిచాడు. ఎన్నడూ ఆ గడప తొక్కిన మనిషి కాదు. వంగి, పొయ్యిలో చెయ్యి పెట్టి చూశాడు. బూడిద ఇంకా గోరువెచ్చగా ఉంది. పంచె ఎగ్గట్టి, బూడిదంతా తీసి, మూల కుండలో ఉన్న గంగమట్టి తడిపి, పొయ్యి అలకడం మొదలెట్టాడు. చేతకాదు. మట్టి సగం పొయ్యికి, సగం ఆయన మొహానికి.

“అయ్యయ్యో, మీరెందుకు, బిరజాదా! లేవండి, తలనొప్పొస్తుంది. కింద హోటల్లో టీ తెస్తాను.”

“ఇవాళ టీ లేదు. చద్ది తీసి పెట్టు. నేనూ తింటాను. ముందు ఈ మూల ఎలా అలకాలో చెప్పు.”

తిన్‌కొడి పక్కన కూర్చుని చూపించాడు. కాసేపయ్యాక బిరజాబాబు తలెత్తకుండా అడిగాడు. “పొయ్యి రాజేసేటప్పుడు ఆవిడకి ఏమని చెప్పుకునేవాడివి?”

తిన్‌కొడి సిగ్గుపడ్డాడు. “ఏముంది. రాజేసింది నా చెయ్యి, తప్పు నాది, ఆయనకి తెలీదు అని.”

బిరజాబాబు అలకడం ఆపేశాడు. దేవుడున్నాడంటే “చూపించు, నమ్ముతా” అని ఎగతాళి చేసే మనిషాయన. పూజారుల్ని గుమ్మంలోంచే తరిమినవాడు. ఇప్పుడు మట్టిచేతులు రెండూ జోడించి, తడిపొయ్యి ముందు మోకాళ్ళ మీద వంగి, పైకే అన్నాడు.

“తల్లీ, రాజేసింది వాడి చెయ్యి. ఇన్నేళ్ళూ తాగింది నా నోరు. పాముని పంపాలనుకుంటే నా దగ్గరికి పంపు. వాడి జోలికి రాకు.”

“మీకు నమ్మకం లేదుగా, బిరజాదా” అన్నాడు తిన్‌కొడి.

“ఇప్పటికీ లేదు. కానీ ఒకవేళ ఉంటే? నీ ప్రాణం మీద నేను పందెం కాయలేను రా.”

తిన్‌కొడి కళ్ళు తుడుచుకుని రెండు పళ్ళేల్లో చద్దన్నం వడ్డించాడు.